కార్యాలయపు కంప్యూటరు – దాని ఆయుష్షు

పెనుకొండ ప్రాంతంలో రెండెకరాల పొలం కొనదలచిన రైతు బేరం కుదిరిన వెంటనే బయానా చేతిలో పెట్టడు. ముందుగా ఈసీ తెప్పించమని అమ్మేవారిని అడుగుతాడు. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ భూమి గతంలో ఎవరి నుండి ఎవరికి చేతులు మారిందో, దానిపై తాకట్టు ఏదైనా నమోదై ఉందో తెలిపే పత్రం అది. ఒక కుటుంబం జీవితకాలమంతా కూడబెట్టిన సొమ్ము ఆ పత్రంలోని నాలుగు వరుసల మీద ఆధారపడి ఉంటుంది.

ఒకప్పుడు ఈ పత్రం కోసం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ రోజుల తరబడి తిరగవలసి వచ్చేది. దస్తావేజులను గుమాస్తాలు పెద్ద పెద్ద రిజిస్టర్లలోకి చేతితో ఎత్తి వ్రాసేవారు. ఎవరైనా ఈసీ అడిగితే ఏడాదికొక సూచిక చొప్పున దుమ్ము దులిపి వెదికేవారు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో ‘కార్డ్’ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టింది. రోజులు పట్టే పని నిమిషాలలోకి వచ్చింది. దేశంలోని ఇతర రాష్ట్రాల అధికారులు వచ్చి చూసి వెళ్లిన పథకం అది. దీనికోసం అంతకు ముందు పదిహేనేళ్ల లావాదేవీలను కూడా కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటరు ద్వారా లభించే ఈసీ వివరాలు 1983తో మొదలు కావడానికి కారణం అదే.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. 1987లో జరిగిన ఒక అమ్మకం వివరాలను 1990ల చివరలో ఎవరో ఉద్యోగి టైపు చేశాడు. ఆ వివరాలు ఈనాటికీ అక్షరం తప్పకుండా కాగితం మీదికి వస్తున్నాయి. టైపు చేసిన యంత్రం మాత్రం ఏనాడో తుక్కు సామానులో చేరిపోయింది. ఆ యంత్రాన్ని నడిపించిన సాఫ్ట్‌వేరును తయారు చేసిన సంస్థ కూడా దాన్ని ఎప్పుడో వదిలివేసింది. అంటే యంత్రాలు పోయినా, వాటిని నడిపే వ్యవస్థలు మారినా, సమాచారం ఒక చోటి నుండి మరొక చోటికి భద్రంగా ప్రయాణం చేస్తూ వచ్చిందన్నమాట. ఈ ప్రయాణం తనంతట తాను జరిగేది కాదు. సకాలంలో జరిపించకపోతే ఏమవుతుందో మన రాష్ట్రానికే అనుభవంలోకి వచ్చింది.

ఆ సంగతిలోకి వెళ్లే ముందు కంప్యూటరును నడిపించే వ్యవస్థ అంటే ఏమిటో తెలుసుకోవాలి. దీనిని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. తెలుగులో నిర్వహణ వ్యవస్థ అనవచ్చు. విండోస్, లినక్స్ వంటివి ఈ కోవకు చెందినవి. పుట్టపర్తికి సమీపంలో చిత్రావతి పరీవాహకంలో బుక్కపట్నం చెరువు ఉంది. విజయనగర కాలపు పెద్ద చెరువులలో ఒకటి అది. ఇటువంటి చెరువుల కింద నీటి పంపకానికి రాయలసీమ గ్రామాలలో నీరుగంటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి, కట్ట ఎక్కడ బలహీనపడింది అన్నవన్నీ చూసుకోవడం అతని పని. రైతులు ఒకరితో ఒకరు పోట్లాడుకోకుండా వంతులు నడిపేవాడు. కంప్యూటరులో నిర్వహణ వ్యవస్థ చేసే పని సరిగ్గా ఇదే. లెక్కలు చేసే ప్రాసెసరు ఒకటే, దాన్ని వాడుకోదలచిన ప్రోగ్రాములు అనేకం. ఎవరికి ఎంతసేపు ఇవ్వాలో నిర్ణయించేది, జ్ఞాపకశక్తిలో ఎవరి గట్టు ఎక్కడో గీసి ఉంచేది, ఫైళ్లను దాచేది, ప్రింటరుకు పని అప్పగించేది, బయటి నుండి వచ్చే వారికి తలుపు తీసేదీ మూసేదీ ఈ వ్యవస్థే. మనం తెర మీద చూసే బొమ్మలు దాని ముఖం మాత్రమే.

ఇటువంటి వ్యవస్థ ముసలిదవుతుందా? యంత్రమైతే అరుగుతుంది. బండి చక్రం, పంపు మోటారు వాడినకొద్దీ పాడవుతాయి. సాఫ్ట్‌వేరుకు అరుగుదల లేదు. 2001లో వ్రాసిన ఆజ్ఞ ఈనాడూ అదే పని చేస్తుంది. కాని లక్షల సంఖ్యలో ఉండే ఆజ్ఞలలో మనుషులు చేసిన తప్పులు కొన్ని దాగి ఉంటాయి. చెరువు కట్టలో ఎలుకలు చేసిన బొరియల వంటివి అవి. పైకి కనిపించవు. వాటిని కనుగొన్న దుర్మార్గులు ఆ దారిన లోపలికి వస్తారు. తయారీ సంస్థ అట్టి బొరియ బయటపడిన ప్రతిసారీ దానిని పూడ్చే చిన్న సవరణను విడుదల చేస్తుంది. వీటినే అప్‌డేట్లు అంటున్నాం. కొన్ని సంవత్సరాల తరువాత ఆ సంస్థ ఫలానా తేదీ నుండి పాత వ్యవస్థకు సవరణలు ఇవ్వబోమని ప్రకటిస్తుంది. ఆ మరునాడు కంప్యూటరు ఎప్పటిలాగానే వెలుగుతుంది, పని చేస్తుంది. కట్టను చూసుకునే మనిషి మాత్రం ఇంటికి వెళ్లిపోయాడు. ముసలితనం అంటే ఇక్కడ అర్థం ఇదే. వానలు లేని ఏడాది ఈ తేడా ఎవరికీ తెలియదు.

విండోస్ ఎక్స్‌పీ అనే వ్యవస్థ 2001 అక్టోబరులో వచ్చింది. మన కార్యాలయాలలోకి కంప్యూటర్లు విరివిగా ప్రవేశించిన కాలం అది. అందువల్ల కలెక్టరేటు మొదలుకొని బ్యాంకు శాఖ వరకు ఎక్కడ చూసినా ఎక్స్‌పీయే కనిపించేది. దానికి సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. ఏడేళ్ల ముందుగానే ఈ సంగతి తెలుసు. అయినా తేదీ దాటిన తరువాత కూడా వేలాది కార్యాలయాలలో ఎక్స్‌పీ నడుస్తూనే ఉంది.

2017 మే 12న గండి పడింది. ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ఆ రోజు మొదలై కొద్ది రోజులలోనే 150 దేశాలకు పాకింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. దాని పనితీరు సరళం. కంప్యూటరులోని ఫైళ్లన్నింటినీ రహస్య లిపిలోకి మార్చివేసి, తిరిగి తెరవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని తెర మీద హెచ్చరిక చూపుతుంది. మూడు రోజులు దాటితే ఆ మొత్తం రెట్టింపు. దీనికి ముందు వచ్చిన వైరస్‌లు చాలావరకు ఎవరో ఒకరు తెలియక ఏదో ఒక ఫైలును తెరిస్తే లోపలికి వచ్చేవి. దీనికి అంతటి అవసరం కూడా లేదు. ఒక కార్యాలయంలో ఒక్క కంప్యూటరుకు సోకితే చాలు, ఫైళ్లను పంచుకోవడానికి విండోస్‌లో ఉన్న ఏర్పాటులోని లోపం గుండా పక్క యంత్రానికి తనంతట తానే పాకేది.

ఆ వారాంతంలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని కొన్ని పోలీసు విభాగాల కంప్యూటర్లు దెబ్బ తిన్నట్లు వార్తలు వచ్చాయి. ముందు జాగ్రత్తగా యంత్రాలను ఆపివేయించారు. ఎక్కడో తయారైన ఒక ప్రోగ్రాము రాత్రికి రాత్రి మన జిల్లాల రక్షకభట నిలయాల బల్లల మీదికి రావడం అందరినీ ఆశ్చర్యపరచింది.

బ్రిటన్‌లో జరిగినది మరింత బాధాకరం. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రులన్నీ జాతీయ ఆరోగ్య సేవ కింద ఉంటాయి. ఇంగ్లండులోని 236 ఆసుపత్రి సంస్థలలో కనీసం 80 సంస్థల పని దీనివల్ల దెబ్బతిన్నది. రోగుల వివరాలు తెరుచుకోలేదు. సుమారు 19,000 వైద్య పరీక్షల, శస్త్రచికిత్సల సమయాలు రద్దయి ఉంటాయని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం తన నివేదికలో పేర్కొన్నది. ఆ ప్రభుత్వం 2014లో ఎక్స్‌పీకి అదనంగా ఒక ఏడాది సవరణల కోసం మైక్రోసాఫ్ట్ సంస్థకు 55 లక్షల పౌండ్లు చెల్లించింది. ఏడాది గడువు కొనుక్కున్నారు గాని, ఆ గడువులో చేయవలసిన మార్పును పూర్తి చేయలేదు.

ఇక్కడ సాధారణంగా ఒక పొరపాటు అభిప్రాయం ఏర్పడుతుంది. ఎక్స్‌పీ ఉన్నందువల్లనే ఇదంతా జరిగిందని చాలామంది అనుకున్నారు. పరిశోధకులు లెక్క చూడగా, దెబ్బతిన్న యంత్రాలలో అత్యధికం విండోస్ 7వి. దానికి అప్పటికింకా సవరణలు వస్తున్నాయి. ఈ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14ననే, అంటే రెండు నెలల ముందే, విడుదల చేసింది. దాన్ని ఎక్కించుకోని యంత్రాలే గండికి కొట్టుకుపోయాయి. మన్ను, రాళ్లు తెచ్చి కట్ట పక్కన పోసి ఉన్నా పూడ్చేవాడు లేకపోతే ఫలితం ఒక్కటే. కావున కొత్తది కొనడం ఒక పని, ఉన్నదానిని చూసుకోవడం మరొక పని. మొదటిది చేసినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

మరి కార్యాలయాలు పాత వ్యవస్థలను ఎందుకు పట్టుకుని వేలాడతాయి? సోమరితనం అని ఒక్క మాటలో కొట్టిపారవేయడం సులభమే గాని న్యాయం కాదు.

మొదటి కారణం డబ్బు, అందులోనూ డబ్బు వచ్చే పద్ధతి. విజయనగర కాలంలో చెరువు త్రవ్వించడంతో పాటు దాని మరమ్మతులకు శాశ్వతమైన ఆధారం చూపేవారు. చెరువును బాగు చేస్తూ ఉండవలసిన వారికి భూమిని మాన్యంగా ఇచ్చేవారు. దీనికి దశబంధం అని పేరు. రాయలసీమ శాసనాలలో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. మన కాలంలో కంప్యూటర్ల కొనుగోలుకు పథకం ఉంటుంది, మంజూరు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. ఆరేళ్ల తరువాత దాని నిర్వహణ వ్యవస్థను మార్చడానికి పద్దు ఎక్కడా కనిపించదు. కొన్ననాడే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల, గడువు తీరిననాడు అది అనుకోని భారంగా తోస్తుంది. నిజానికి ఆ తేదీ అందరికీ ఏళ్ల ముందే తెలిసిన తేదీ.

రెండవ కారణం తెలుగు కార్యాలయాలకు ప్రత్యేకమైనది. బయటి దేశాల నిపుణుల పుస్తకాలలో దీని ప్రస్తావన కనిపించదు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలు మాత్రమే తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరం అన్న ఒప్పందం ఉంటేనే వ్రాత సాధ్యం. ఇంగ్లీషుకు ఆ ఒప్పందం 1960లలోనే కుదిరింది. తెలుగుకు సరైన ఏర్పాటు లేని రోజులలో ముద్రణ అవసరాల కోసం కొన్ని సంస్థలు తెలివైన ఉపాయం పన్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు వంటి వాటిని, అమర్చాయి. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఇట్లా పుట్టినవే. తెలుగు పత్రికలు, పుస్తకాలు, ప్రభుత్వ ప్రకటనలు దశాబ్దాల పాటు వీటి పుణ్యమా అని వెలువడ్డాయి. ఆ మేలు మరువరానిది.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. అట్టి ఫైలులో నిజానికి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఆ ఫాంటు తొడిగినప్పుడు మాత్రమే అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలే. ఆ ఫాంట్లను, వాటితో టైపు చేయడానికి కావలసిన ప్రోగ్రామును ఏ కాలపు విండోస్ కోసం తయారు చేశారో ఆ విండోస్ మీదనే అవి నికరంగా నడుస్తాయి. కొత్త వ్యవస్థలోకి మారిన మరునాడు పదిహేనేళ్ల తీర్మానాలు, ఉత్తర్వులు, జాబితాలు తెరుచుకోకపోతే ఆ గుమాస్తా పరిస్థితి ఏమిటి? పై అధికారి అడిగేది విండోస్ సంగతి కాదు, ఫైలు సంగతి. అందువల్ల మూల గదిలో ఒక పాత కంప్యూటరును దేవుని పటంలాగా కదల్చకుండా ఉంచుతారు. “కొత్తొక వింత, పాతొక రోత” అన్న సామెత ఇక్కడ తిరగబడుతుంది. పాతదే నమ్మకం, కొత్తదే భయం.

ఈ చిక్కుకు శాశ్వత పరిష్కారం యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ తలా ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే పట్టిక అది. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ఉన్నాయి. ‘క’ అనే అక్షరం సంఖ్య 3093. ఇది ఏ దేశంలోనైనా, ఏ యంత్రంలోనైనా, ఏ ఫాంటులోనైనా మారదు. విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే ఫాంటుతో తెలుగు యూనికోడ్‌కు ఆధారం దొరికింది. పాత ఫాంట్లకు అలవాటు పడిన చేతులు అప్పట్లో దానిని పెద్దగా పట్టించుకోలేదు. 2010 దశకం ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థ కలిసి పలు తెలుగు యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా అందుబాటులోకి తెచ్చాయి. వాటిలో శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తెనాలి రామకృష్ణ అనే పేర్లు కూడా ఉన్నాయి. 1565 తరువాత విజయనగర రాజధానిగా వెలసిన పెనుకొండలో ఏ కార్యాలయంలోనైనా ఒక ఉత్తర్వు ఈనాడు కృష్ణదేవరాయల పేరిట ఉన్న అక్షరాలలో వెలువడవచ్చు. యూనికోడ్‌లో వ్రాసిన ఫైలు ఏ నిర్వహణ వ్యవస్థకూ బానిస కాదు. విండోస్‌లో వ్రాసినది లినక్స్‌లో, చేతి ఫోనులో కూడా తెలుగుగానే చదవవచ్చు.

మూడవ కారణం, ఒక వ్యవస్థను అంటిపెట్టుకుని ఉండే ఇతర సామగ్రి. ప్రయోగశాల పరికరం, బార్‌కోడు యంత్రం, ప్రత్యేకంగా వ్రాయించుకున్న జీతాల ప్రోగ్రాము పాత వ్యవస్థనే గుర్తిస్తాయి. వ్రాసిన సంస్థ మూతబడి ఉండవచ్చు. వ్రాసిన ఉద్యోగి పదవీ విరమణ చేసి ఉండవచ్చు. బ్యాంకుల ఏటీఎంలు దీనికి మంచి ఉదాహరణ. హిందూపురంలోనో ధర్మవరంలోనో ఏటీఎం ముందు నిలబడినవారికి అందులోనూ ఒక సాధారణ కంప్యూటరే ఉందని స్ఫురించదు. ఎక్స్‌పీకి గడువు తీరి నాలుగేళ్లు గడిచినా దేశంలో అనేక ఏటీఎంలు దాని మీదనే నడుస్తుండడం చూసి రిజర్వుబ్యాంకు 2018 జూన్ 21న బ్యాంకులకు గట్టి ఆదేశం జారీ చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు నాటికి నాలుగవ వంతు, డిసెంబరు నాటికి సగం, 2019 మార్చి నాటికి మూడు వంతులు, జూన్ నాటికి అన్నీ మారి తీరాలన్నది. ఒక్కసారిగా కాక వాటాల వారీగా గడువు పెట్టడంలో అనుభవజ్ఞుల నేర్పు కనిపిస్తుంది.

పాతది అయినంత మాత్రాన ప్రతిదీ బలహీనమని భావించరాదు. రైల్వే రిజర్వేషను వ్యవస్థ కథ దీనికి తార్కాణం. ధర్మవరం – బెంగళూరు మార్గంలో శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను 2000లో ఏర్పడింది. దేశం నలుమూలల నుండి పుట్టపర్తికి వచ్చే యాత్రికులు తమ ఊరిలోనే కూర్చుని ఇక్కడికి రాకపోకల టిక్కెట్లు రెండూ తీసుకోగలుగుతున్నారు. 1986లో ఢిల్లీలో మొదలైన కంప్యూటరు రిజర్వేషను, 1989లో సికింద్రాబాదుకు వచ్చింది. ఢిల్లీ, కోల్‌కతా, ముంబయి, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలను 1999లో ఒకదానితో ఒకటి అనుసంధానించారు. ఈ వ్యవస్థకు ఆధారం ఓపెన్ వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ. దాని మూలరూపం 1977 నాటిది. విండోస్ అనే పేరు కూడా పుట్టక ముందటిది. నెలల తరబడి ఆగకుండా నడవడంలో దానికి గొప్ప పేరుంది. ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వకుండా లక్షలాది లావాదేవీలను అది మోసుకుంటూ వచ్చింది.

చిక్కు మరొక వైపు నుండి వచ్చింది. 2010లో అమర్చిన వ్యవస్థ ఇటేనియం అనే ప్రత్యేక ప్రాసెసర్ల మీద నడుస్తుందని రైల్వేశాఖ పార్లమెంటుకు తెలిపింది. ఆ ప్రాసెసర్లను ఇంటెల్ సంస్థ చివరిసారిగా 2021 జూలైలో సరఫరా చేసి, తయారీని ముగించింది. విడిభాగాలు దొరకని బండిని ఎంతకాలం నడపగలరు? పైగా రద్దీ పెరిగింది. 2025 జూన్‌లో రైల్వే మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్క ప్రకారం పాత వ్యవస్థ నిమిషానికి 32,000 టిక్కెట్లు ఇవ్వగలదు. కొత్తదాని లక్ష్యం లక్షా యాభై వేలకు పైగా. ఆ ఏడాది డిసెంబరు నాటికి కొత్తదానిని సిద్ధం చేయాలని నిర్ణయించారు. ఇందులోని కష్టం ఊహించుకోదగినది. చెరువు మరమ్మతుకు ఎండాకాలం ఉంటుంది, నీరు తగ్గుతుంది, కట్ట మీద పని సాగుతుంది. రైల్వే రిజర్వేషనుకు ఎండాకాలం లేదు. ఆ మాటకొస్తే ఎండాకాలంలోనే దానికి వరద.

ఇక ప్రస్తుతానికి వద్దాం. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు 2019 అక్టోబరు 2న రాష్ట్రమంతటా గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఆ సంవత్సరాలలో కొన్న కంప్యూటర్లు సాధారణంగా విండోస్ 10తో వచ్చేవి. దానికి ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రాలన్నింటి మీదా ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం, దాదాపు 2018కి ముందు రాని ప్రాసెసరు ఉండాలని దాని నియమం. కాబట్టి చక్కగా పని చేస్తున్న కంప్యూటరును సైతం పక్కన పెట్టవలసిన స్థితి. సంస్థలు రుసుము చెల్లించి మరి మూడేళ్లు సవరణలు పొందవచ్చు. ఒక్కొక్క యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఏటా అది రెట్టింపు, అంటే రెండవ ఏడాది 122, మూడవ ఏడాది 244. బ్రిటన్ అనుభవం తెలిసినవారు ఈ గడువును ఎట్లా వాడుకోవాలో గ్రహిస్తారు.

మరొక మార్గం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. లినక్స్ ఆధారిత వ్యవస్థలకు లైసెన్సు రుసుము లేదు. పాత యంత్రాల మీద కూడా తేలికగా నడుస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000 దశకంలోనే ఈ దారి పట్టాయి. చెన్నైలోని సి-డాక్ సంస్థ 2007లో బాస్ అనే భారతీయ లినక్స్‌ను వెలువరించింది. రక్షణ మంత్రిత్వశాఖ 2023లో ఉబుంటు ఆధారితమైన ‘మాయా’ను తన కంప్యూటర్లకు ఎంచుకున్నది. అయితే ఉచితమన్నది కొనుగోలు విషయంలోనే. నేర్పేవారు, చూసుకునేవారు దీనికీ కావాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ దాదాపు పదేళ్లు శ్రమించి 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. 2017లో తిరిగి విండోస్‌కే పోవాలని తీర్మానించింది. కేరళలో ఉపాధ్యాయులకు ముందే శిక్షణ ఇచ్చి పాఠ్యపుస్తకాలను కూడా దానికి అనుగుణంగా వ్రాయించారు. రెండు చోట్లా లినక్స్ ఒక్కటే, ఏర్పాటు వేరు.

ఏ వ్యవస్థను ఎంచుకున్నా మార్పు జరిపే పద్ధతి మాత్రం మన సాహిత్య చరిత్రకు కొత్త కాదు. తాటాకు గ్రంథం కొన్ని తరాలకు మించి నిలవదు. పురుగు తొలుస్తుంది, అంచులు విరుగుతాయి. కావుననే లేఖకులు తరానికొకసారి కొత్త ఆకుల మీదికి ప్రతి తీస్తూ వచ్చారు. ప్రతి తీయని కావ్యాలు పేర్లు మాత్రమే మిగిల్చి పోయాయి. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి శిథిలమవుతున్న గ్రంథాలకు కాగితం మీద ప్రతులు వ్రాయించాడు. ఒకే కావ్యానికి పలు ప్రతులను తెప్పించి, పాఠాలను పోల్చి చూసి, శుద్ధప్రతిని సిద్ధం చేయించాడు. వ్రాసేవానికి పాత లిపి సరిగా తెలియకపోతే తప్పు పాఠమే స్థిరపడిపోతుందని ఆయన ఎరుగును.

కార్యాలయాలలో జరగవలసినదీ ఇదే. ముందుగా ఎన్ని యంత్రాలు ఉన్నాయి, దేని మీద ఏ వ్యవస్థ, ఏ ప్రోగ్రాములు ఉన్నాయి అన్న జాబితా తయారు కావాలి. చాలా చోట్ల ఈ జాబితాయే ఉండదు. తరువాత సమాచారం మొత్తానికి రెండు నకళ్లు తీసి ఒకటి వేరే చోట భద్రపరచాలి. వన్నాక్రై బారిన పడినా నకళ్లు ఉన్న కార్యాలయాలు పైసా చెల్లించకుండా మరునాడే కోలుకోగలవు. అటు పిమ్మట ఒకటి రెండు యంత్రాలలో కొత్త వ్యవస్థను ఎక్కించి, రోజువారీ పనులన్నీ చేసి చూడాలి. కొంతకాలం పాతది, కొత్తది పక్కపక్కనే నడవాలి. పాత ఫాంట్లలోని తెలుగు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. అవి పని చేసిన తరువాత కూడా మనిషి చదివి సరిచూడవలసిందే. ఒక్కొక్కసారి వత్తులు జారిపోతాయి, సున్నాలు మాయమవుతాయి. కథల పుస్తకంలో అది అచ్చుతప్పు. భూమి వివరాలలో అయితే ‘చిన్నన్న’ ‘చినన’గా మారినా, సర్వే నంబరులో ఒక్క అంకె తప్పినా కోర్టు వ్యాజ్యానికి దారి తీయవచ్చు.

ఈ సరిచూసే పనికి పాత ఉద్యోగులే తగినవారు. ఏ దస్తావేజు ఏ రూపంలో ఉండేదో, ఏ గుర్తుకు ఏ అర్థమో వారికి తెలుసు. వారు పదవీ విరమణ చేయక ముందే ఆ పని ముగించుకోవడం ఉత్తమం. మూల గదిలోని పాత కంప్యూటరును వెంటనే పారవేయనక్కరలేదు. దానికి ఇంటర్నెట్టు తీగను తీసివేసి, ఇతర యంత్రాలతో సంబంధం తెంపి, చివరి ఫైలు మార్పిడి పూర్తయి సరిచూడడం ముగిసేదాకా ఉంచుకోవచ్చు. ఆ తరువాత దానిలోని డిస్కును పూర్తిగా తుడిపించి లేదా పగులగొట్టించి, ఆ సంగతి రిజిస్టరులో వ్రాసి, అప్పుడు తుక్కుకు పంపాలి.